రాయిలాంటి మట్టి

గోతి గోడలకు ఆనించిన చెక్కలు ఒక్కొక్కటే పైకి లేచిపోతుంటే, పన్నెండడుగుల లోతులో నిలబడ్డ బాలప్ప తలెత్తి అడిగాడు.

"అవి దీస్తే మట్టి మీద వడదా సారూ?"

"ఇది చిక్కడపల్లి మట్టి, రాయిలాంటిది. మీ పాలమూరు ఇసుక కాదు," అన్నాడు సూపర్‌వైజర్ ఏడుకొండలు, గొడుగు కిందనుంచి. డ్రైనేజీ పని మొదలైన నాటినుంచి ఆయన ఒక్కసారీ గోతిలోకి దిగిన పాపాన పోలేదు. "పెద్ద ఇంజనీరుగారు వస్తున్నారు. ఆయన బూట్లకు బురద అంటకుండా ఈ చెక్కలతో దారి పరవాలి. నువ్వు తవ్వు."

"బూట్లు మస్తు పిరమున్నట్టున్నయి, ఎన్ని పైసలు వెట్టి కొన్నడో," అంది ఒడ్డున మట్టితట్ట అందుకుంటున్న బాలప్ప భార్య నర్సింహమ్మ.

"భయమైతే రేపట్నుంచి రావద్దని చెప్పు మీ ఆయనకి."

బాలప్ప భుజం మీద పిడికెడు మట్టి రాలింది. దులుపుకున్నాడు. చదువుకున్నవాడికి తనకంటే ఎక్కువ తెలిసే ఉంటుందనుకుని గడ్డపార ఎత్తాడు.

జీపు వచ్చి ఆగింది. ఇంజనీరు చెక్కల మీదుగా నడిచి వచ్చి గోతిలోకి తొంగి చూడబోయాడు. ఏడుకొండలు గబుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"అంచుకు రాకండి సార్. మట్టి గుల్లగా ఉంది, ఎప్పుడు జారుతుందో చెప్పలేం."

బాలప్ప గడ్డపార కింద పెట్టాడు. నిచ్చెనెక్కి పైకి వచ్చి, వంగి, ఇంజనీరు నిలబడ్డ చెక్క కొస పట్టుకున్నాడు.

"జర కాళ్లు దీయుండ్రి సారూ," అన్నాడు. "మీ బూట్లకంటిన బురద కడిగితే పోతది."