బోసివేలు

“‘మీ ఆవిడ ఇక్కడే ఉంది’ అని ఎవాల్డ్ గారితో అన్నారా, లేదా?”

పెర్నిల్లా గొంతు మెత్తగానే ఉంది. అయినా శిక్షణ గదిలో అందరూ కాఫీ కప్పులు కింద పెట్టేశారు.

“అన్నాను,” అంది సిగ్‌బ్రిట్.

“అప్పుడేమైంది?”

“గదంతా వెతికారు. మంచం కింద కూడా చూశారు. తర్వాత కప్పు నా మీదికి విసిరారు.”

“విసరరా మరి! ఎదురుచూసే మనిషికి లేని మనిషిని ఉందని చెప్తే?”

సిగ్‌బ్రిట్ నుదుటి మీది ప్లాస్టర్ తడుముకుంది.

మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్ల కోసం మున్సిపాలిటీ ఈ మధ్యనే తెరిచిన ఇల్లది. అందరూ కొత్త సిబ్బందే. మన వీలు చూసుకోవడం కాదు, ముందు ఆ మనిషిని చూడండి అని నేర్పడానికి ఆఫీసు వాళ్లు పెర్నిల్లాను పంపారు. నేర్చుకునేవాళ్లలో అందరికన్నా పెద్దది సిగ్‌బ్రిట్. పెన్షన్‌కి దగ్గరపడ్డ మనిషి. ఆమెను ఆటపట్టించకపోతే తిల్డా అనే కుర్రపిల్లకు తోచదు.

“పూలమొక్కలకు నీళ్లు పోసుకుంటూ కూచోవలసిన వయసులో ఈ తిప్పలేంటి పెద్దమ్మా? మీ ఆయన ఏమీ అనడా?” అని మొదటి రోజే అడిగేసింది.

“ఇంట్లో ఎవరూ లేరే. గోడలతో ఎంతసేపని మాట్లాడను?”

తిల్డా నాలిక కరుచుకుంది. ఆ రోజు నుంచి తన దాల్చినచెక్క బన్నులో సగం తుంచి సిగ్‌బ్రిట్ ప్లేటులో పెడుతోంది.

“శుక్రవారం నేనే వచ్చి చూస్తాను,” అంది పెర్నిల్లా. “మళ్లీ ఇలాగే అయితే ఎవాల్డ్ గారి గదిలో పని ఇంకొకరికి ఇవ్వక తప్పదు.”

“ఆ గది మాత్రం తియ్యకండి. ఏం చెయ్యమంటే అది చేస్తాను.”

పక్కనే ఉన్న మేనేజరు ఆనెలీ ఏదో చెప్పబోయింది. సిగ్‌బ్రిట్ వద్దన్నట్టు తల ఊపింది.

“సరే, రండి. ఇప్పుడు నేనే ఎవాల్డ్‌ని.” పెర్నిల్లా కుర్చీలో ముడుచుకుని కూచుంది. “మా ఆవిడ ఏది?”

“ఇక్కడే...”

“ఊహూఁ! మళ్లీ అదే! ఉందని చెప్పకండి, రాదనీ చెప్పకండి. ఆవిడ గురించి అడగండి. ఆయనకు ఆవిడ గురించి మాట్లాడాలని ఉంది, మాట్లాడనివ్వండి. మీ నిజాలూ మీ అబద్ధాలూ చెప్పులతోపాటు బయట విప్పేసి లోపలికి వెళ్లండి.”

సిగ్‌బ్రిట్ మళ్లీ మళ్లీ ప్రయత్నించింది. చివరికి సరిగ్గా అడిగింది గానీ, కళ్లు నిండిపోయాయి.

“ఉత్తుత్తి ఆటకే ఏడిస్తే ఎలా పెద్దమ్మా!” అంటూ తిల్డా కాగితపు రుమాలు అందించింది.

శుక్రవారం బట్టలు మార్చుకునే గదిలో సిగ్‌బ్రిట్ సబ్బు రాసుకుని ఉంగరం లాగుతోంది. పనిలో గడియారాలూ ఉంగరాలూ ఉండకూడదు, వాటి కింద క్రిములు చేరతాయని.

“పోయినాయన ఉంగరాన్ని రోజూ పీకడం, మళ్లీ తొడుక్కోవడం... ఇంట్లో పెట్టి రావచ్చుగా?” అంది తిల్డా.

“అలవాటు,” అంది సిగ్‌బ్రిట్. ఉంగరాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది.

ఎవాల్డ్ కిటికీ దగ్గర కూచుని రేవు వైపు చూస్తున్నాడు. వలలు లాగి లాగి చేతులకు కాసిన కాయలు ఇంకా పోలేదు. సిగ్‌బ్రిట్ పళ్లెం ముందు పెట్టింది. ఆ పూట వంటింట్లోకి దూరి చేపను తనే వేయించింది. పెర్నిల్లా గుమ్మం పక్కన నిలబడింది.

“మా ఆవిడ రాలేదు సిస్టర్. ఆవిడ వచ్చేదాకా నేను ముట్టను.”

సిగ్‌బ్రిట్ ఆయన పక్కన కూచుంది. “మీ ఆవిడ ఎలా ఉంటుంది?”

ఎవాల్డ్ ఇటు తిరిగాడు. “ఎలా ఉంటుందా? ఎర్ర జుట్టు. గయ్యాళి! పడవ దిగానో లేదో, బూట్లు బయటే విప్పమని కేకలు.”

“అందగత్తేనా?”

“నా కళ్లకి చాలు,” అని నవ్వాడు.

“చేప ఎలా వేయించేది?”

“రై పిండిలో దొర్లించి. ఇదిగో, ఇలాగే.” ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. “ఇదీ బాగానే ఉంది. కానీ ఆవిడ చెయ్యి వేరు.”

సిగ్‌బ్రిట్ తల వంచుకుంది. ఆయన చూపు ఆమె చేతి మీద పడింది.

“పెళ్లి కాలేదా సిస్టర్? వేలు బోసిగా ఉంది.”

“ఇక్కడ పెట్టుకోనివ్వరు.”

“నాదైతే రాదు, వేలు ఉబ్బిపోయింది. దీని లోపల ఆవిడ పేరుంది. ఆవిడదాంట్లో నా పేరు.” గొంతు తగ్గించాడు. “ఆవిడకి నర్సు కావాలని ఉండేది. సిస్టర్ అని పిలిపించుకోవాలని ఎంత ఆశో! సీటు కూడా వచ్చింది. ఇల్లెవరు చూస్తారు, వలలెవరు బాగుచేస్తారు అని నేనే వద్దన్నాను. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. పిచ్చిది, వంటింట్లో కూచుని ఏడ్చింది. తప్పు చేశాను సిస్టర్. నేను నిద్రలో ఉండగా వస్తే ఈ మాట చెప్తావా?”

“చెప్తాను.”

“ఏమంటుందో!”

“కోపం ఎప్పుడో పోయిందంటుంది.”

ఎవాల్డ్ పెద్దగా ఊపిరి వదిలాడు. పళ్లెం ఖాళీ అయ్యేదాకా తిన్నాడు.

బయటికి రాగానే పెర్నిల్లా ఆమె రెండు చేతులూ పట్టుకుంది. “చూశారా, ఎంత తేడానో! ఇక ఆ గది మీదే. అసలు ఇన్నేళ్లూ ఎక్కడున్నారండీ? ఎప్పుడో రావలసింది ఈ పనిలోకి!”

“వీలు కాలేదు,” అంది సిగ్‌బ్రిట్.

బట్టలు మార్చుకునే గదిలో ఎవరూ లేరు. బెంచీ మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని, బీరువా తెరిచి, ఉంగరంలో ఎండిపోయిన సబ్బును బొటనవేలితో తుడిచింది.

లోపల ‘ఎవాల్డ్’ అని చెక్కి ఉంది.