వెలిగించే ముందు

ఆమె భయం ఒక్కటే. తను వంటింట్లో ఉండగా పాప పాక్కుంటూ పెరటి షెడ్డులోకి వెళుతుంది, సరిగ్గా అప్పుడే మామగారి కొలిమి పేలిపోతుంది.

"కొలిమి ఇంకా పుట్టనే లేదు, అప్పుడే పేల్చేస్తున్నావా అమ్మాయ్?" అన్నారు మామగారు, ఖాళీ పెయింటు డబ్బా లోపల తెల్లటి ఉన్నిలాంటిది పరుస్తూ. "ఇదింకా డబ్బానే."

"సిలిండరు మాత్రం నిండుగానే ఉంది కదా మామయ్యా!" అంది ఆమె, పాపను చంకలో బిగించుకుని గుమ్మం బయటే నిలబడి.

"నీలాంటి పిరికిదాన్ని మావాడు ఎక్కడ వెతికి పట్టుకొచ్చాడో!"

ఆ మావాడు లారీ ఎక్కితే మళ్ళీ వారానికి గానీ ఇంటి ముఖం చూడడు. మిగతా రోజులు ఇంట్లో వీళ్ళు ముగ్గురే. రెండేళ్ళ కిందట మామగారికి పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం పోయింది గానీ దగ్గు మిగిలింది. బొగ్గు పొగ దగ్గరికి వెళ్ళొద్దని డాక్టరు ఖరాఖండీగా చెప్పాడు. నలభై ఏళ్ళు సుత్తి పట్టిన చెయ్యి ఊరుకుంటుందా? గోళ్ళు గిల్లుకుంటూ ఇన్నాళ్ళు కూర్చుని, ఇప్పుడు గ్యాసు కొలిమి చేస్తానని బయల్దేరారు.

ఆమెను భయం వెనక్కి లాగుతుంటే, కుతూహలం ముందుకు తోస్తోంది. ఎనిమిదో తరగతిలో బడి మానిపించినప్పుడు ఆమె సైన్సు పుస్తకం సగంలోనే ఆగిపోయింది మరి.

"ఆ దూది కాలిపోదూ?"

"దూది కాదే తల్లీ. ఇనుము ఎర్రగా కాలినా దీనికేం కాదు. వేడిని బయటికి పోనివ్వదు. పైన మట్టి పూత పూస్తే పోగులు ఎగరవు."

"మరి తిత్తి లేదుగా! గాలి ఎవరు ఊదుతారు?"

మామగారి కళ్ళు మెరిశాయి. చిన్న ఇత్తడి ముక్క ఆమె చేతిలో పెట్టారు. దానికి సూదిమొన దూరేంత బెజ్జం.

"గ్యాసు ఇందులోంచి దూసుకొస్తుంది. వస్తూ వస్తూ చుట్టుపక్కల గాలిని కూడా గొట్టంలోకి ఈడ్చుకుపోతుంది. ఇంక ఊదేదెందుకు?"

ఆమె బెజ్జాన్ని కంటికి ఆనించి ఆకాశంకేసి చూసింది. ఆవగింజంత వెలుగు. ఇంత చిన్నదానికి అంత పెద్ద మంటా!

"లీకైతే?" అంది వెంటనే.

"ఇదిగో, మళ్ళీ మొదలు!"

"గ్యాసు గాలికన్నా బరువట. నేల మీదే పేరుకుంటుందట. పాప ఉండేది నేల మీదే కదా మామయ్యా."

ఈసారి ఆయన నవ్వలేదు. "అయితే ఆ పని నీదే. వెలిగించే ప్రతిసారీ నువ్వొచ్చి చూడు. నువ్వు సరేనంటేనే అగ్గిపుల్ల గీస్తాను. సరా?"

తన నోరు మూయించడానికే అలా అన్నారనుకుంది. కానీ ఆయన మాట తప్పలేదు. రోజూ పొద్దున్నే పెరట్లోంచి కేక వచ్చేది. "ఏమ్మా పిరికమ్మా, ఎక్కడున్నావ్?"

ఆమె పాపను ఉయ్యాల్లో వేసి, సబ్బునీళ్ళ గిన్నెతో వెళ్ళేది. అతుకు అతుకుకీ నురగ పూసి బుడగలొస్తాయేమోనని చూసేది. వాసన చూడ్డానికి నేలకు చెంప ఆనేదాకా వంగేది. "ఏం లేదు మామయ్యా" అన్నాకే ఆయన అగ్గిపుల్ల గీసేవారు. కొలిమి గుర్రుమనేది. లోపల నలుపు ఎరుపై, ఎరుపు పసుపై, ఇనుప కడ్డీ మైనంలా వంగుతుంటే ఆమె భయం సంగతే మర్చిపోయి నోరు తెరుచుకుని చూసేది.

ఒకరోజు గుమ్మంలో కాలు పెట్టగానే గ్యాసు గుప్పుమంది.

"మామయ్యా, ఆపండి!"

ఆయన చేతిలో అగ్గిపెట్టె ఉంది. దాన్ని పెరట్లోకి విసిరేసి, సిలిండరు దగ్గరికి పరుగెత్తారు. దాని మర పూర్తిగా బిగియలేదు. పక్కనే అరగంటగా కత్తెర అంచుకు ఆకురాయి పెడుతూ కూర్చున్నారాయన. పనిలో పడితే ఆయనకు లోకం తెలియదు.

"నీ పిరికితనం చల్లగుండ!" అన్నారు. షెడ్డు తలుపులు బార్లా తెరిచారు.

ఆ రోజంతా ఆమె మనసు ఆ అగ్గిపెట్టె మీదే ఉంది. పొయ్యి మీద పాలు మాడి అడుగంటాయి. తన గ్లాసు ఒక్క గుక్కకే పారబోసింది. ఆయన మాత్రం చుక్క మిగల్చకుండా తాగి, "బాగున్నాయమ్మా" అన్నారు. ఆయన మంచితనమే అంత. పాప ఒళ్ళో పాడు చేసినా మొహం చిట్లించరు. ఆమె చూసి పరుగెత్తుకొచ్చేదాకా అలాగే ఆడిస్తూ కూర్చుంటారు.

తర్వాతి వారం ఆమె తల్లికి కంటి ఆపరేషన్ పడింది. నాలుగు రోజులు వెళ్ళక తప్పదు.

"నేనొచ్చేదాకా వెలిగించనని మాటివ్వండి మామయ్యా."

"టైలరమ్మ కత్తెర శుక్రవారానికి కావాలి. నీ భయం ఇక్కడే వదిలేసి వెళ్ళు, నేను చూసుకుంటాలే." నాలుగు మడతల కాగితం ఆమె చేతిలో పెట్టారు. "దార్లో టైలరమ్మకివ్వు. కత్తెర సంగతి."

టైలరమ్మ పెదవుల మధ్య గుండుసూదులు, రెండు చేతులా గుడ్డ. "నువ్వే చదివెయ్యవే" అన్నట్టు గడ్డం ఎగరేసింది.

ఆమె పాపను రెండో చంకకు మార్చుకుని, మామగారి వంకర అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది.

"అమ్మా, కోడలు తిరిగొచ్చేదాకా రోజూ పొద్దున ఒక్కసారి వచ్చి నన్ను చూసి వెళ్ళు. నువ్వు షెడ్డులోకి వచ్చి సరేనంటేనే కొలిమి వెలిగిస్తాను. కోడలికి మాత్రం చెప్పకు, అసలే భయస్తురాలు. ఆ జ్వరం తర్వాత నాకు వాసన తెలియదు."