ఇల్లు పాడుపెట్టకుండా

గజపతినగరంలో నా ఇంటిని అద్దెకిచ్చి, బాగోగులు చూసే నూకరాజు పొద్దున్నే ఫోన్ చేశాడు.

“మేడమ్, మనింట్లో అద్దెకున్న ఎల్లాజీ తల్లి ఇయ్యాలో రేపో అన్నట్టున్నాది. ఇయ్యాల రేవతి నచ్చత్రం. ఇంట్లో పోయిందంటే ఆర్నెల్లు ఇల్లు పాడెట్టాల. ఆ తరవాతైనా ఎవులు దిగుతారు?”

నాకు నక్షత్రాల మీద నమ్మకం లేదని చెప్పాను.

“మీకు లేకపోతే ఏటి? రేపు దిగేవోడికి ఉంటాది గదా. ఏటి సెయ్యమంటారు?”

మంచం మీద ఉన్న మనిషిని ఎలా పంపుతాం అనుకున్నాను. 

“నీకు తోచినట్టు చెయ్యి నూకరాజూ,” అన్నాను.

మధ్యాహ్నం వాట్సాప్‌లో ఫోటో పంపాడు. ఖాళీ గది, కడిగిన నేల. వెనకే ఫోన్.

“ఆసుపత్రి వరండాలో పడుకోబెట్టేరు మేడమ్. ఆటో ఎక్కించినప్పుడు కూడా మాటాడింది ముసిల్ది. ‘నానేటి తప్పు సేసేన్రా బాబూ’ అన్నాది.”

“ఇప్పుడెలా ఉంది?”

“గంటయింది పోయి. మనింటికి ఏ దోసమూ లేదు.”

హమ్మయ్య అన్నాను. పైకే అన్నాననుకుంటాను.

ఫోన్ పెట్టెయ్యబోతుంటే ఆగమన్నాడు.

“ఎచ్చెర్లలో మీరు అద్దెకుంటన్న ఇల్లు కూడా ఒకటో తారీకు నుంచి నాకే అప్పజెప్పేరు, మీ ఓనరుగారు.”

“మంచిదే కదా.”

“మీ అమ్మగారు మంచాన ఉన్నారంట. ఎలాగున్నాది మేడమ్ ఆవిడకి?”

అవతల క్యాలెండర్ కాగితం తిప్పిన చప్పుడైంది.