పటికతో గీసిన బాణం

బొమ్మల భావం చదివే యంత్రం ఇంటింటికీ తప్పనిసరి అయ్యాక, మునెమ్మ కలంకారీలో వేసిన శివార్జునుల పందివేట దానికి నచ్చలేదు. “ఒకే పందికి రెండు బాణాలు. ఈ ఇంట్లో కలహం ఉంది,” అంది. ఇంకోసారి అలా తేలితే ఆమె కలం జప్తు చేస్తారు.

రెండో గుడ్డ మీద ఒక్క బాణమే కనిపించడంతో పచ్చదీపం వెలిగింది. భర్త గుర్రప్ప ఊపిరి పీల్చుకుని గుడ్డను ఉడుకుతున్న ఎర్రరంగు కాగులో వేశాడు.

“అర్జునుడిదొకటే గీసి మంచిపని చేసినావే.”

“శివుడి బాణం లేకుంటే కథ యాడిదయ్యా? దాన్ని పటిక నీళ్లతో గీసినా.”

గుర్రప్ప గబుక్కున కాగులోకి తొంగిచూశాడు. పటిక గీత ఉడికేదాకా కనపడదు, ఉడికాక పటిక తగిలినచోటే ఎర్రరంగు పట్టుకుంటుంది. అప్పటికే కాగులో పంది పక్కన సన్నటి ఎర్రగీత తేలుతోంది.

గట్టిగా తిట్టబోయిన గుర్రప్ప, తమవైపు తిరుగుతున్న యంత్రం కన్నును చూసి నోరు మూసుకున్నాడు.