ఎడమ చుట్టు నత్త

"ఇన్వొల్యూషన్ పేజీ జాగ్రత్తండీ" అని నత్తల మీద పుస్తకం రాసిన మేడం ఫోన్లో చెబితే, అచ్చు యంత్రాల మోతలో ఆయనకి "ఇన్విటేషన్ పేజీ జాగ్రత్తండీ" అని వినపడింది.

"నేనెలా పంపానో అలాగే ఉండాలి. మీరు చెయ్యి పెట్టొద్దు" అందావిడ.

"ముట్టుకుంటే ఒట్టు మేడం!" అన్నాడు ఆయన.

ప్రెస్సులో పేజీలు కూర్చే ఆ పెద్దమనిషిని అందరూ 'సవరణ' అంటారు. తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేడు. అసలు పేరు కూడా ఎప్పుడో దిద్దేసుకున్నాడేమో, ఎవరికీ గుర్తులేదు.

అలాంటి మనిషి, పుస్తకావిష్కరణ ఆహ్వానంలో 'ముఖ్య అతిథి' కాస్తా 'ముఖ్య తిథి' అయి కూర్చున్నా, పళ్ళు బిగించి వదిలేశాడు. మాటంటే మాటే.

కానీ దిద్దకుండా ఆగిన చెయ్యి ఊరుకుంటుందా? పుస్తకం మీద పడింది.

నలభై రెండో పేజీలో, 'ఇన్వొల్యూషన్' అనే అధ్యాయం మొదట్లో, నత్తగుల్ల ఫోటో. మేడం పంపిన మిగతా ఫోటోలన్నిట్లో గుల్ల నీడ కుడివైపు పడింది. దీనికి ఎడమవైపు. మిగతావాటి పక్కన కొలత స్కేలు ఉంది. దీని పక్కన అదీ లేదు. "స్కాన్ చేసిన మహానుభావుడెవరో తిరగేశాడు" అనుకుని మౌస్‌తో ఒక్క నొక్కు నొక్కాడు. నత్త అటునుంచి ఇటు తిరిగింది. నీడలన్నీ ఒకే దారికొచ్చాయి. మురిసిపోయి అచ్చుకు పంపేశాడు. మేడం ఆఖరి ప్రూఫు మీద సంతకం చేసి అప్పటికి రెండు రోజులైంది.

ఆవిష్కరణ రోజు పొద్దున టీ తాగుతూ పుస్తకం తెరిచాడు. ఫోటో కింద రాసింది అప్పుడు చదివాడు.

'లక్షలో ఒక్కటి! గుల్ల ఎడమకు చుట్టుకున్న నత్త. పదకొండేళ్ళ వెతుకులాటకు ఫలం.'

ఫోటోలో గుల్ల శుభ్రంగా కుడికి చుట్టుకుని ఉంది.

"ఏమైందండీ, అలా అయిపోయారు? టీలో ఈగ పడిందా?" అంది భార్య.

"నత్త పడింది."

సంగతంతా విని ఆవిడ నెత్తి కొట్టుకుంది. "తిప్పారుగా, ఇక పడండి తిప్పలు! మన పెళ్ళి ఫోటోలో నా ముక్కే సవరించిన మనిషి, నత్తనొదుల్తారా? వెళ్ళి చెప్పెయ్యండి."

"చెబితే నా ఉద్యోగం పోతుందే!"

"చెప్పకపోతే ఆవిడ పరువు పోతుంది. పదకొండేళ్ళండీ!"

ఆ 'పదకొండేళ్ళు' ఆయన గొంతులో టీతో పాటు దిగలేదు. కాలేజీ హాలుదాకా భార్య వెనకాల నత్త నడకే నడిచాడు.

వేదిక మీద ప్రిన్సిపాల్, ప్రెస్సు యజమాని, మధ్యలో మేడం. ఆవిడ జీవశాస్త్రం చెబుతుంది. మాటలు మాత్రం లెక్కల మాస్టారిలా చెబుతుంది.

"గణితంలో ఇన్వొల్యూషన్ అంటే, రెండుసార్లు చేస్తే మొదటికొచ్చే పని. చొక్కా తిరగేయండి, లోపలిది బయటికొస్తుంది. మళ్ళీ తిరగేయండి, మామూలు చొక్కా! జీవశాస్త్రంలో అయితే, లోపలికి ముడుచుకుపోవడం."

మూడో వరుసలో సవరణ జీవశాస్త్రం ప్రకారం ముడుచుకుపోయాడు.

ప్రిన్సిపాల్ పుస్తకం విప్పి, కళ్ళజోడు పైకి తోసి, కిందికి దించి చూశాడు. "మేడం, ఇది కుడి చుట్టులా ఉందే?"

హాల్లో పేజీలు గరగరలాడాయి. "ఇలాంటివి మా పెరట్లో బోలెడు! పదకొండేళ్ళెందుకు, పదకొండు నిమిషాలు చాలు" అన్నారెవరో. నవ్వులు.

మేడం పేజీ చూసింది. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఇక సవరణ ఆగలేకపోయాడు. వెళ్ళి మైకు పట్టుకున్నాడు. నత్త గురించి చెప్పబోతే నత్తి వచ్చింది.

"న... నత్తని తిప్పింది నేనండీ! నీడ తేడాగా ఉందని తిప్పాను. మేడం పంపింది ఎడమ చుట్టే. ఆ పేజీ ముట్టుకోవద్దని ఫోన్ చేసి మరీ చెప్పారు. నేను ఇన్వొల్యూషన్ని ఇన్విటేషన్ అనుకుని, దాన్నొదిలేసి దీన్ని దిద్దాను."

"ఓహో, అందుకా నన్ను ముఖ్య తిథిని చేశారు!" అన్నాడు ప్రిన్సిపాల్. హాలంతా ఘొల్లుమంది.

సవరణ నవ్వలేదు. "ఆవిడ పదకొండేళ్ళ కష్టం నా ఒక్క వేలితో పాడుచేశానండీ" అని రెండు చేతులూ జోడించాడు.

"ఇరవయ్యారేళ్ళు నమ్మానయ్యా నిన్ను" అన్నాడు యజమాని. "రేపట్నుంచి ప్రెస్సుకి రానక్కర్లేదు."

నాలుగో వరుసలో ఆయన భార్య తల దించుకుంది.

"పోనీలెండి, మేడం తప్పేం లేదని తేలింది" అన్నాడు ప్రిన్సిపాల్. "ఫోటో సరిచేసి మళ్ళీ అచ్చు వేయిద్దాం." అందరూ చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగేదాకా మేడం ఆ జోడించిన చేతుల్నే చూస్తూ ఉండిపోయింది. తర్వాత లేచి, ఆయన దగ్గర్నుంచి మైకు తీసుకుంది.

"ఆయన్ని పంపెయ్యకండి" అంది. "ఇందాక చొక్కా సంగతి చెప్పాను కదా... ఆయన తిప్పింది రెండోసారి, మొదటిసారి తిప్పింది నేను."