నెల తప్పలేదు, లెక్క తప్పింది

మదనపల్లెలోని ఆ ల్యాబు వరండా తుడుస్తున్న కుప్పమ్మ, బెంచీ మీద కూర్చున్న మాలతి చేతిలో చీటీ చూసి చీపురు ఆపింది.

"ఇరవై ఒకటో రోజు రక్తం ఇయ్యమన్నారా అమ్మా? యాడ్నించి ఎంచినావు?"

"తలకు పోసుకున్న నాటి నించి."

"అట్ల కాదమ్మా. బయట కూసున్న మొదటి రోజు నించి ఎంచాల. నాలుగు రోజులు దాటిపోయుండాది. వచ్చే నెల రాండి."

పక్కనే కూర్చున్న మాలతి మొగుడు మునిశేఖర్ పుంగనూరు డైరీలో పాలకు వెన్న శాతం కట్టే మనిషి. పాల లెక్కలు చూసేవాడికి పాఠాలా అని రోషం పొడుచుకొచ్చింది.

"నువ్వు నేల తుడువు సాలు. మా నొసటి రాత తుడవాకు."

బెంచీ అంతా నవ్వింది. కుప్పమ్మ మళ్లీ ఏదో చెప్పబోయింది. అతడు వినిపించుకోకుండా పెళ్లాన్ని లోపలికి తీసుకుపోయాడు.

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. ప్రొజెస్టిరాన్ పాతాళంలో ఉంది. ఆ హార్మోను లేస్తే గుడ్డు విడుదలైనట్టని ఎవరో చెప్పారు. లేవకపోతే ఏమిటో ఇంట్లోవాళ్లే తేల్చేశారు. గుడ్డు పెట్టని పెట్ట అంది అత్త మునిరత్నమ్మ. అంతటితో ఊరుకోక మునిశేఖర్, పెట్ట కాదమ్మా, ఖాళీ పెట్టె అని ప్రాస కలిపాడు.

ఆ మాటకు మాలతి తన పెట్టె సర్దుకుని కుప్పంలోని పుట్టింటికి బస్సెక్కింది.

రెండు నెలలకు, రెండో సంబంధం మాటలు మొదలయ్యాక, అతడు ఆ కాగితం డాక్టరమ్మకు చూపించాడు. రక్తమిచ్చాక నెలసరి ఎప్పుడొచ్చిందని ఆమె అడిగింది. మర్నాడే, పుట్టింటికి పోయేముందే అన్నాడు.

"నెలసరికి వారం ముందు తీయాల్సిన రక్తమయ్యా ఇది. ముందురోజు తీస్తే ఎవరికైనా పడిపోయే ఉంటుంది. దీన్నిబట్టి మీ ఆవిడకు లోపముందని ఎవరన్నారు?"

ఎవరన్నారో అతడికి తెలుసు.

నెల తప్పాలని పోయి లెక్క తప్పాడు. ప్రాస బాగానే కుదిరింది. నవ్వే రాలేదు.

మాలతికి పదకొండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. తన మాట వినకపోయినా కుప్పమ్మ మాట వింటుందేమో, కాళ్లు పట్టుకునైనా ఆమెను కుప్పం తీసుకుపోదామని ల్యాబుకు పరిగెత్తాడు.

కుప్పమ్మ పోయిన వారమే గుండె ఆగి చనిపోయిందని కౌంటరులోని సుమలత చెప్పింది.

అతడి చూపు మూలనున్న చీపురు మీద పడింది. "సీపురు పట్టుకునే ఆయమ్మకు ఈ లెక్క యాడ తెలిసిందమ్మా?"

"పదేండ్ల కిందట ఆయమ్మా అట్లనే తప్పుగా ఎంచి ఈడే రక్తమిచ్చిందప్పా; ఆ కాగితం సూసి మొగుడు ఇంకో పెండ్లి సేసుకున్నాక, వచ్చే ప్రతి ఆడమనిషినీ యాడ్నించి ఎంచినావని ఆ ఒక్క మాట అడిగేదానికే ఈ సీపురు పట్టుకునింది."