నీలం మడమ

డోర్కాస్ వంటింట్లో అడ్డంగా తాడు కట్టి, తను రంగులేసిన అచ్చుబొమ్మల కాగితాలు ఆరేస్తోంది. ఉతికిన బట్టలకు ఆ వారం తాడు దొరకలేదు.

"తల వంచుకు రండి పెద్దాయనా! యువరాజుగారి కోటు ఇంకా తడిగానే ఉంది."

మేడమీద అద్దెకుండే లీథ్ తల వంచుకుని వచ్చి పొయ్యి పక్కన నిలబడ్డాడు. ఒకప్పుడు పిల్లలకు లాటిన్ చెప్పేవాణ్ణని వచ్చిన రోజు అన్నాడు. ఆ తర్వాత తన గురించి మరో ముక్క చెప్పలేదు.

"శనివారం సంగతి గుర్తుందా?"

"ఉంది తల్లీ. గది ఖాళీ చేస్తాను."

"మీ మీద కోపమేం లేదు. ఇవి ఆరేసుకునే చోటు చాలట్లేదు. లండన్ లండనంతా ఈ పెళ్ళి బొమ్మలే అడుగుతోంది."

యువరాజు ఒక విధవరాలిని రహస్యంగా పెళ్ళాడాడని ఊరంతా పుకారు. ఆమెది రోమన్ కేథలిక్ మతం. రాజుగారు ఒప్పుకోని పెళ్ళి చట్టం ముందు చెల్లదు. చేయించిన పాదిరీకి మాత్రం చెర తప్పదు.

ఆ పాదిరీ ఎవరో ఎవరికీ తెలియదు. అందుకే బొమ్మ గీసినవాడు ముఖం గీయలేదు. వీపు మనవైపు పెట్టి మోకరిల్లినట్టు గీశాడు.

ముసలాయన ఒక కాగితం దగ్గర ఆగిపోయాడు.

నల్లటి అంగీ. దాని కింద రెండు మడమలు. ఎడమ మడమ మీద, చెప్పు అంచుకు పైన, చిన్న నీలం అతుకు.

"ఇది అచ్చులోనే ఉందా?"

"అచ్చులో రంగెక్కడిది? నేనే వేశా. నిలువెల్లా నలుపేనాయె, చూస్తే ఏడుపొచ్చింది. కోటుకు వేసిన నీలం కుంచెలో మిగిలింది. మీ మేజోడు గుర్తొచ్చింది."

డిసెంబరులో ఒక మధ్యాహ్నం, పాత శిష్యుడి ఇంట్లో విందుందని ముసలాయన బయలుదేరాడు. మేజోడు మడమ దగ్గర చిరిగి ఉంది. నల్ల ఉన్ని లేక డోర్కాస్ నీలం ఉన్నితోనే అల్లి ఇచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు ఆయన రుమాల్లో బాదం కేకు ముక్క తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. తను తినలేదు.

"ఆ నీలం తీసెయ్యి తల్లీ."

"రెండు వందల కాగితాలు పెద్దాయనా! సగం అప్పుడే అంగడికి చేరాయి. అయినా అది మీ మడమని ఎవరికి తెలుసు, సిగ్గుపడ్డానికి?"

ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

'ఉన్నా లేనట్టే, పాపం' అనుకుంది డోర్కాస్.

మర్నాడు పొద్దున్నే బొమ్మల అంగడి టిబ్స్ వచ్చాడు.

"నీ మడమ చూసి జనం పొట్టలు పట్టుకుంటున్నారు. యువరాజు కోటు కత్తిరించి పాదిరీకి అతుకేశారట!"

అన్నాడేగాని, అతను మాత్రం నవ్వలేదు. తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఒకాయనకు నవ్వు రాలేదు. మంచి బట్టల మనిషి. కిటికీ ముందు అరగంట నిలబడ్డాడు. ఆ మడమ మీంచి కళ్ళు తిప్పలేదు. లోపలికొచ్చి, రంగులు ఎవరు వేశారని అడిగాడు."

"చెప్పారా?"

టిబ్స్ చేతిలో టోపీని అటూ ఇటూ తిప్పాడు.

"ఈ పెళ్ళి మీద కరపత్రం రాసిన స్కేల్స్ లేడూ, వాణ్ణి తీసుకెళ్ళింది ఈయనేనట. పది రోజులైంది. ఏ చెరలో పెట్టారో వాడి పెళ్ళానికి కూడా చెప్పలేదు. నాకు పిల్లలున్నారు డోర్కాస్."

టిబ్స్ వెళ్ళిన కాసేపటికే తలుపు తట్టారు.

వచ్చినాయన బట్టలు నిజంగానే బాగున్నాయి. ఆయన వెనక, వీధిలో బండి, బండి పక్కన ఇద్దరు మనుషులు. ఆయన తాడు మీంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

"ఈ నీలం గురించి నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పడమేమిటండీ? నవ్వుకోడానికి వేశాను."

"చూడమ్మా, డిసెంబరులో ఆ పెళ్ళి జరిగిన గదిలో ఉన్నది ఏడుగురం. పాదిరీ మోకరిల్లినప్పుడు వెనక నిలబడ్డవాణ్ణి నేను. ముఖం నా వైపు తిప్పలేదు. ఆ నీలం మడమ మాత్రం కళ్ళారా చూశాను. అది నీ కుంచెకెలా తెలిసింది?"

డోర్కాస్ చేతిలో కుంచె ఆగిపోయింది.

డిసెంబరు. నీలం ఉన్ని. బాదం కేకు.

పైన అడుగుల చప్పుడు ఆగింది.

"నా బుర్రలోనే పుట్టిందండీ. ఒట్టు."

"పైన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. కాగితాలు ఆరుతున్నాయి."

"అలాగా? అయితే శాలువా కప్పుకో. ఆ ఒట్టు చెరలో వేద్దువుగాని. ఆయన పేరు చెప్పేదాకా ఇంటికి రావు."

ఆమె శాలువా అందుకుంది.

మెట్లు కిర్రుమన్నాయి.

ముసలాయన టోపీ పెట్టుకుని దిగివచ్చాడు. తల వంచుకుని, తడి కాగితాల కింద నుంచి, ఒక్కదానికీ తగలకుండా నడిచాడు.

"పెద్దాయనా, శనివారం ఇంకా రాలేదు" అంది డోర్కాస్.

ఆయన ఆమె చేతిలోని శాలువా తీసి కుర్చీ మీద వేశాడు. గడప దగ్గర వాళ్ళకు వీపు పెట్టి, బొమ్మలోలాగే మోకరిల్లి, బిగుతుగానే ఉన్న చెప్పును మళ్ళీ బిగించుకుని, ఆమె అల్లిన ఆ నీలం మడమను వచ్చిన పెద్దమనిషికి కనబడనిచ్చి, ఇల్లు దాటి బండి వైపు వెళ్ళిపోయాడు.